ఫోన్లను పడగొట్టిన గుణింతం

2018 ఫిబ్రవరి 15, గురువారం రాత్రి. న్యూజెర్సీలో ఎమ్మెస్ చదువుతున్న ఒక అమ్మాయి అన్నం తింటూ ఎడమచేత్తో ఐఫోన్ అందుకుంది. క్లాసులో తోటివాడి నుంచి మెసేజ్. అందులో ఏముందో చదివేలోపే తెర నల్లబడింది. మధ్యలో చిన్న చక్రం తిరిగింది. కాసేపటికి లాక్ స్క్రీన్ వచ్చింది. వేలిముద్ర పెట్టి మెసేజ్‌ల గుర్తు మీద నొక్కింది. తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. మళ్లీ నొక్కింది, మళ్లీ అంతే. ఫోన్ ఆపి, వేసి చూసింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. మెసేజ్‌ల్లోకి మాత్రం అడుగుపెట్టనివ్వడం లేదు. బ్యాంకు పంపే ఓటీపీ దగ్గర్నుంచి ఇంటి ఓనరు అద్దె రసీదు దాకా అన్నీ వచ్చేది అక్కడికే.

లాప్‌టాప్ తెరిచి స్కైప్‌లో అన్నకు కాల్ చేసింది. అతను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో యాప్‌ల టెస్టర్. హైదరాబాద్‌లో అప్పుడు శుక్రవారం ఉదయం ఏడున్నర.

"అన్నయ్యా, నా ఫోన్‌కి ఏదో అయింది. మెసేజ్‌లు ఓపెనే అవట్లేదు."

"ఎవరైనా తెలుగు అక్షరం పంపారా నీకు?"

"మా క్లాసువాడు ఏదో పంపాడు. వాడికి తెలుగెక్కడొచ్చు?"

"రానక్కర్లేదే. ట్విట్టర్లోంచి కాపీ చేసి పంపుంటాడు. వాడిది ఆండ్రాయిడ్ కదా?"

"అవును, నీకెలా తెలుసు?"

"ఐఫోనైతే పంపేలోపు వాడిదే పడిపోయేది. సరే, ఇప్పుడు వాడితోనే ఇంకో మెసేజ్ పెట్టించు. మామూలుది, ఏదో ఒకటి. అది వచ్చాక మెసేజ్‌లు తెరువు. వాడి పేరు మీద మాత్రం నొక్కకు. బయటినుంచే పక్కకి లాగి మొత్తం డిలీట్ కొట్టు."

పావుగంటకు ఫోన్ దారిలోకి వచ్చింది. మెసేజ్‌ల జాబితాలో ఒక్కో మనిషి పేరు కింద ఆఖరి మెసేజ్‌లోని మొదటి మాటలు కనిపిస్తాయి. ఆ మాటలను తెర మీద గీయబోయి యాప్ కూలిపోతోంది. కొత్త మెసేజ్ వస్తే పాతది ఆ చోటు నుంచి తప్పుకుంటుంది, గీయాల్సిన అవసరం పోతుంది, యాప్ నిలబడుతుంది.

ఈ అన్నాచెల్లెళ్లు నా ఊహ. వాళ్ల మాటలు నేను రాసినవి. ఆ వారం ఫోన్లకు జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతున్నాను. బయటపడే దారి కూడా అప్పట్లో వార్తాసంస్థలు పాఠకులకు చెప్పిన దారే.

ఆ జనవరి 23న ఆపిల్ ఐఓఎస్ 11.2.5 విడుదల చేసింది. మూడు వారాలకు, ఫిబ్రవరి మధ్యలో, ఇటలీలోని ఒక మొబైల్ వార్తల సైట్ ఈ సంగతి బయటపెట్టింది. రెండు రోజుల్లో ప్రపంచమంతా తెలిసిపోయింది. ఐమెసేజ్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, ఔట్‌లుక్, జీమెయిల్, ఏ యాప్‌లోకి ఆ అక్షరం వచ్చినా ఆ యాప్ కూలింది. నోటిఫికేషన్‌గా వస్తే ఇంకా కష్టం. హోమ్ స్క్రీన్‌ను, నోటిఫికేషన్లను గీసే స్ప్రింగ్‌బోర్డే పడిపోయేది. దానితో తెర మొత్తం నల్లబడేది. మాక్ కంప్యూటర్లు, ఆపిల్ చేతిగడియారాలు కూడా దీన్ని తట్టుకోలేకపోయాయి. టెలిగ్రామ్, స్కైప్ మాత్రం తప్పించుకున్నాయని ఆనాటి వార్తల్లో వచ్చింది. కొందరు ట్విట్టర్‌లో తమ పేరు పక్కన దాన్ని తగిలించుకున్నారు. వాళ్ల ట్వీటు ఎదురైతే చాలు, ఎదుటివాడి యాప్ మూతపడేది.

ఆ అక్షరం జ్ఞా. పత్రికలన్నీ దాన్ని తెలుగు అక్షరం అన్నాయి. కొన్ని చోట్ల ఉత్త 'ఇండియన్ అక్షరం' అన్నారు. ఏదో మన లిపిలోనే పేలుడు పదార్థం ఉన్నట్టు మాటలు నడిచాయి. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే అది నిజం కాదు. మనం రోజూ రాసే జ్ఞా వల్ల ఏ ఐఫోనూ పడిపోలేదు. విజ్ఞానం, ప్రజ్ఞ, జ్ఞాపకం అని ఎన్నిసార్లు రాసినా ఏమీ కాలేదు. పడగొట్టిన దానిలో కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది.

ఫోన్‌కు జ్ఞా అనే ఆకారం తెలియదు. అది చదివేది వరసగా వచ్చే సంకేతాలను. జ, దాని తర్వాత పొల్లు, తర్వాత ఞ, చివర దీర్ఘం. నాలుగు సంకేతాలు. యూనికోడ్ 1991లో మొదలైనప్పటి నుంచీ తెలుగును ఇలాగే దాస్తున్నారు. ఆ ఫిబ్రవరిలో తిరిగిన వరసలో ఐదు ఉన్నాయి. ఞకూ దీర్ఘానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చొరబడింది. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. పక్కపక్క అక్షరాలను కలవనివ్వకపోవడమే దాని పని.

అది పనికిమాలిన గుర్తేమీ కాదు. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్ కింద వ ఒత్తుగా దిగకుండా ఆపేది అదే. ఫేస్‌బుక్‌లో స్, బ్ విడివిడిగా నిలబడ్డాయంటే దాని పుణ్యమే. ఇంగ్లీషు మాటలు కలవని తెలుగు పేజీ ఈ రోజుల్లో అరుదు. కాబట్టి ఆ గుర్తు లేని తెలుగు పేజీ కూడా అరుదే. దాని అసలు చోటు పొల్లు తర్వాత. ఆ వారం తిరిగిన వరసలో అది ఒత్తు తర్వాత, గుణింతానికి ముందు కూర్చుంది. అక్కడ దానితో ఎవరికీ పని లేదు. పని లేని చోటికి ఎవరూ రారనుకున్న ప్రోగ్రాం దగ్గరికి అది వచ్చింది.

ఇక ఫోన్ లోపల ఏం జరిగిందో చూద్దాం. సంకేతాలను ఆకారాలుగా మార్చే విభాగాన్ని ఆపిల్ కోర్‌టెక్స్ట్ అంటుంది. జ వచ్చింది. పొల్లు వచ్చింది. ఞ వచ్చింది. పొల్లుతో కలిసి అది జ కింద ఒత్తుగా చేరాలి. దీర్ఘం వచ్చింది. దీన్ని ఎక్కడ పెట్టాలి? మనం పలికేటప్పుడు, టైపు చేసేటప్పుడు దీర్ఘం ఞ తర్వాతే వస్తుంది. రాసేటప్పుడు మాత్రం అది ఒత్తును దాటి వెనక్కి వెళ్లి జకు అంటుకుంటుంది. పలక మీద దిద్దించేటప్పుడు మనకు చెప్పింది కూడా అలాగే. జా రాసి, కింద ఞ ఒత్తు పెట్టు. పలికే వరస ఒకటి, రాసే వరస ఇంకొకటి. తెలుగు లిపిని గీసే ఏ ప్రోగ్రాం అయినా ఈ తిరకాసును దాటాల్సిందే. దీర్ఘం వెనక్కి వెళ్లబోయే దారిలో, ఒత్తు పక్కన, ఆ కనపడని గుర్తు నిలబడి ఉంది.

మొజిల్లాలో ప్రోగ్రామర్‌గా ఉన్న మనీష్ గోరెగావ్‌కర్ ఆ రోజుల్లోనే దీన్ని విప్పి చూసి ఒక వ్యాసం రాశారు. ఆపిల్ రాసిన కోడ్ ఆయన చేతిలో లేదు. ఒక్కో అక్షరాన్ని మార్చి మార్చి, ఏది పడగొడుతుందో ఏది పడగొట్టదో చూసుకుంటూ వెళ్లారు. తేలింది ఇది: జ్ఞా ఒక్కటే కాదు. ఒక హల్లు, పొల్లు, ఇంకో హల్లు, ఆ కనపడని గుర్తు, అచ్చు గుర్తు, ఈ వరసలో వస్తే తెలుగుతో పాటు బెంగాలీ, దేవనాగరి అక్షరాలు కూడా ఫోన్‌ను పడగొడుతున్నాయి. ముఖ్యమైన షరతు రెండో హల్లు మొదటిదాని రూపం చెరపకుండా దానికి అంటుకుని కూర్చునేది కావడం. దేవనాగరిలో అలాంటివి తక్కువ, ర లాంటివి. తెలుగులో ఒత్తులన్నీ దాదాపు అలాంటివే. తెలుగు గుణింతాల్లో ఐత్వం ఒక్కదానికి మినహాయింపు దొరికింది. అది పైన ఒక ముక్క, కింద ఒక ముక్కగా గీసే గుర్తు, దాని దారి వేరు. రాత మన రాతకు ఇంత దగ్గరైన కన్నడ మాత్రం పడలేదు. ఎందుకు పడలేదన్నది ఆయన కూడా జవాబు లేని ప్రశ్నగానే వదిలేశారు.

నేను ఈ ఉదంతంలో అన్నిటికన్నా ఎక్కువ గౌరవించేది ఆ పద్ధతిని. లోపలి కోడ్ కనపడకపోయినా, లిపి తెలిసినవాడు బయటి నుంచి ప్రశ్నలు వేసి లోపలి తప్పును పట్టుకోగలడు. అలాంటి ప్రశ్నలే విడుదలకు ముందు ఎవరైనా వేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. మాక్‌లకు, గడియారాలకు, టీవీ పెట్టెలకు కూడా అదే రోజు మందు అందింది. లోపానికి సీవీఈ-2018-4124 అని నంబరు పడింది. కోర్‌టెక్స్ట్ ఒక రకం అక్షరాల వరసను గీయబోయి మెమరీని పాడుచేసుకుంటోందని, వచ్చే అక్షరాలను ఇక సరిగా సరిచూసుకునేలా మార్చామని ఆపిల్ తన భద్రతా ప్రకటనలో చెప్పింది. ఆ ప్రకటనలో తెలుగు ఊసు లేదు.

ఇది మొదటిసారి కాదు, ఆఖరిదీ కాలేదు. 2015 మే నెలలో అరబిక్ అక్షరాలు, ఒక దేవనాగరి గుర్తు, ఒక చైనా అక్షరం కలిసిన మెసేజ్ ఐఫోన్లను ఇలాగే పడగొట్టింది. నోటిఫికేషన్‌లో చోటు చాలక మెసేజ్‌ను కుదించబోయి, ఎక్కడ కత్తిరించాలో తెలియక ఫోన్ కూలింది. 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలకు ఇటలీ జెండా బొమ్మ తోడై అదే పని చేసింది. అరబిక్, తెలుగు, సింధీ. పడగొట్టినవాటి వరస చూస్తే విడుదలకు ముందు ఎవరి భాషలను జాగ్రత్తగా చూస్తున్నారో, ఎవరివి చివరికి మిగిలిపోతున్నాయో తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఆపిల్ తన కార్యాలయాన్ని 2016 మేలోనే తెరిచింది, మ్యాపుల పని కోసం. 2011 జనగణన నాటికే ఈ దేశంలో 8 కోట్ల 11 లక్షల మంది తెలుగును తమ భాషగా చెప్పుకున్నారు. తెలుగు రాసి, చదివి, పగలగొట్టి చూడటానికి మనుషులు దొరకలేదంటే నేనైతే ఒప్పుకోను.

భాష ఒక్కటే కాదు, సెట్టింగుల్లో ప్రాంతం అనే గడి కూడా కొంపలు ముంచగలదని 2018 జులైలో తేలింది. భద్రతా పరిశోధకుడు ప్యాట్రిక్ వార్డిల్‌కు తైవాన్‌కు చెందిన స్నేహితురాలు ఒకరు తన ఐఫోన్ బాధ చెప్పారు. తైవాన్ అని టైపు చేసినా, ఆ దేశపు జెండా బొమ్మ ఎవరు పంపినా యాప్ కూలిపోతోంది. ఎవరో ఫోన్‌లోకి చొరబడ్డారని ఆమె అనుమానం. వార్డిల్ లోపలికి దిగి చూశారు. ఫోన్‌లో ప్రాంతం చైనా అని ఉంటే ఆ జెండాను చూపించకుండా దాచే కోడ్ ఒకటి దొరికింది. జెండా ఎదురైన ప్రతిసారీ ఆ కోడ్ ఫోన్‌ను అడుగుతుంది: నీ ప్రాంతం ఏది? ఏ ఫోనైనా ఏదో ఒక దేశం పేరు చెబుతుందని రాసినవాళ్లు అనుకున్నారు. ఆమె ఫోన్‌లో ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీని చైనాతో పోల్చబోయి ప్రోగ్రాం చచ్చిపోయింది. ప్రాంతాన్ని ఒకసారి చైనాకు మార్చి, తిరిగి అమెరికాకు మారిస్తే జబ్బు కుదిరింది. ఐఓఎస్ 11.4.1లో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఒక దేశపు జెండాను దాచడం తప్పా ఒప్పా అన్నది వేరే పెద్ద వాదన. టెస్టర్ అడగాల్సిన ప్రశ్న మాత్రం చాలా చిన్నది: ఈ గడిలో ఏమీ లేకపోతే?

మళ్లీ మాదాపూర్‌కు వద్దాం, ఆ ఫిబ్రవరి శుక్రవారానికే. చెల్లెలి ఫోన్ బాగుచేసిన టెస్టర్ ఆఫీసుకు వచ్చాడు. వాళ్ల కంపెనీ చేసేది బిల్లులు కట్టే ఆండ్రాయిడ్ యాప్. కొత్తగా తెలుగు, హిందీ, మరాఠీ చేర్చారు. సోమవారం రిలీజ్. భాషల టెస్టింగ్ అయిపోయిందని షీట్‌లో పచ్చరంగు వేసి ఉంది. అయిపోయిందంటే, అనువాదకులు పంపిన మాటలు సరైన బటన్ల మీద పడ్డాయని చూశారు. చాలా కంపెనీల్లో భాషల టెస్టింగ్ అంటే నేటికీ అంతే.

అతను ఫోన్ తీసుకుని యాప్‌లో బిల్లు ఫారం సగం నింపాడు. పేరు, కన్స్యూమర్ నంబరు, మొత్తం. సగంలో సెట్టింగుల్లోకి వెళ్లి ఫోన్ భాషను ఇంగ్లీషు నుంచి తెలుగుకు మార్చి, మళ్లీ యాప్‌కు వచ్చాడు. ఫారం ఖాళీ. భాష మారగానే ఆండ్రాయిడ్ ఆ తెరను చంపేసి కొత్త భాషలో మళ్లీ పుట్టిస్తుంది. పోబోయే ముందు వినియోగదారుడు నింపినది దాచిపెట్టమని యాప్‌కు ఒక అవకాశం ఇస్తుంది. ఆ అవకాశాన్ని ఈ యాప్ వాడుకోలేదు.

"అన్నా, ఇది చూడు."

డెవలపర్ కుర్చీ జరుపుకుని వచ్చాడు. అతనిది వరంగల్, ఇతనికన్నా నాలుగేళ్లు పెద్ద. "బిల్లు కట్టుకుంట నడుమ భాష ఎవడు మారుస్తడు?" అన్నాడు.

"ఇంగ్లీషులో మొదలుపెట్టి అర్థం కానివాడు మారుస్తాడన్నా. మనం తెలుగు పెట్టిందే వాడి కోసం కదా."

డెవలపర్ ఏమీ అనలేదు. నోట్ చేసుకున్నాడు.

తర్వాత మరాఠీ. తెర మీద అంతా బాగుంది. పే నొక్కితే సర్వర్ తిప్పికొట్టింది. హిందీలో సరిగా పోతోంది, తెలుగులో పోతోంది, మరాఠీలో పోవడం లేదు. లిపి హిందీదీ మరాఠీదీ ఒకటే, అయినా! గంటసేపు లాగ్‌లు వెతికితే దొరికింది. ఏ ప్రాంతంలో అంకెలు ఎలా రాస్తారు, తేదీ ఎలా రాస్తారు అనే వివరాల పట్టికను ప్రపంచంలోని ఫోన్లు దాదాపు అన్నీ వాడుకుంటాయి. అందులో తెలుగుకు, హిందీకి మామూలు 1, 2, 3 అంకెలే రాసి ఉంది. మరాఠీకి దేవనాగరి అంకెలు. బెంగాలీ, అస్సామీ, నేపాలీలకు కూడా వాటి సొంత అంకెలే. డెవలపర్ రాసిన కోడ్ తేదీని ఫోన్ భాషలో తయారుచేసి, దాన్నే సర్వర్‌కు పంపుతోంది. దేవనాగరి అంకెల్లో వచ్చిన తేదీ సర్వర్‌కు అర్థం కాలేదు. తెర మీద చూపే తేదీ వేరు, తీగల మీద పోయే తేదీ వేరు. మొదటిది మనిషి కోసం, అది ఆ మనిషి లొకేల్‌లోనే, అంటే అతని భాష, ప్రాంతం పద్ధతిలోనే ఉండాలి. రెండోది యంత్రం కోసం, అది ఏ లొకేల్‌తోనూ మారకూడదు. టర్కీ భాషలో ఇంకో రకం చిక్కు వస్తుంది. అక్కడ ఇంగ్లీషు పెద్ద ఐని చిన్నక్షరంగా మారిస్తే చుక్క లేని ఐ వస్తుంది. ఆ భాషకు అది సరైనదే. కానీ ఇంగ్లీషు ఐ వస్తుందని నమ్మి ఫైళ్ల పేర్లను, ఆజ్ఞలను పోల్చే ప్రోగ్రాంలు ఎన్నో ఏళ్లుగా అక్కడ బోల్తా పడుతూనే ఉన్నాయి. లోకమంతా తనలాగే రాస్తుందని నమ్మిన కోడ్ ఎక్కడో ఒకచోట పడుతుంది.

మధ్యాహ్నానికి తెలుగు తెరలు ఒక్కొక్కటిగా చూశాడు. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి కట్టిన బటన్లలో ఒత్తులు కింద తెగిపోయాయి. స్త్రీ అన్న చోట కింది ఒత్తు సగమే కనిపిస్తోంది. పొడుగు పేరు గడిలో పట్టక చివర కత్తిరించారు, ఆ కత్తెర ఒత్తుకూ పొల్లుకూ మధ్య పడింది. దానితో పేరు చివర లేని పొల్లు మొలిచింది. ఈ రెండో తప్పుకు డెవలపర్‌ను మాత్రమే తిట్టడం న్యాయం కాదు. ఎక్కడ కత్తిరించవచ్చో చెప్పే యూనికోడ్ నియమాల లెక్కలో కూడా అప్పటికి జ్ఞా ఒక్క అక్షరం కాదు, రెండు ముక్కలు. తెలుగుతో సహా ఆరు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాని ఒక్క ముక్కగా లెక్కగట్టే నియమం 2023లో, యూనికోడ్ 15.1తో వచ్చింది.

ఇవన్నీ చేత్తో చూడగలిగినవి. చేత్తో చూడలేనంత పెద్ద పని కూడా ఉంది, అది చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అక్షరాలకు రూపమిచ్చేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రాం. బెహదాద్ ఎస్ఫహ్‌బోద్, ఆయనతో పనిచేసినవాళ్లు 2012 ప్రాంతంలో భారతీయ లిపుల భాగాన్ని తిరగరాసినప్పుడు, వికీపీడియా నుంచి ఆయా భాషల పదాలను లక్షల్లో తీసుకున్నారు. ఒక్కో పదాన్నీ తమ ప్రోగ్రాంతోనూ మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాంతోనూ గీయించి, రెండూ ఒకటేనా అని పోల్చారు. తెలుగులో అలా పోల్చిన పదాలు 9 లక్షల 70 వేలకు పైగా. తేడా వచ్చినవి ఇరవై లోపు. కోడ్‌లో మార్పులు చేసినప్పుడు ఈ లెక్కను పక్కన రాసుకునేవారు. ఆ పైన, అర్థం లేని అక్షరాల గుంపులను యంత్రంతో పుట్టించి మీదికి విసిరే పరీక్ష కూడా హార్ఫ్‌బజ్‌కు ఏళ్లుగా ఉంది. ఒత్తు తర్వాత కనపడని గుర్తు వచ్చి కూర్చోవడం లాంటి వింత వరసలు బయటపడేది అలాంటి విసురులోనే. నిఘంటువు చూసి టెస్ట్ చేసేవాడికి అది ఎప్పటికీ దొరకదు. తెలుగు రాని మనిషి తెలుగుకు ఇంత సేవ చేశాడంటే కారణం శ్రద్ధ. ఆ శ్రద్ధ డబ్బున్న కంపెనీలకు కుదరనిదేమీ కాదు.

సాయంత్రం డెవలపర్ తనంతట తానే ఉత్సాహంగా వచ్చాడు. పొద్దున్నుంచీ ఐఫోన్ వార్త అతని చెవిలో కూడా పడుతోంది.

"నేనొక లైను పెట్టిన. పేరు గడిలకి ఏది టైపు జేసినా, ఆ కనపడని గుర్తుంటే తీసేస్తది. ఇగ మనకు ఆ రంది లేదు."

టెస్టర్ కొత్త బిల్డ్ వేసుకున్నాడు. పేరు దగ్గర రాజ్‌కుమార్ అని కొట్టి సేవ్ నొక్కాడు. ఫోన్‌ను డెవలపర్ వైపు తిప్పాడు. బిల్లు మీద రాజ్కుమార్ అని వచ్చింది. జ కింద క ఒత్తు.

"ఇదేంది, గిట్లైంది?"

"నువ్వు తీసేసింది దాన్నేనన్నా. అది లేకపోతే జ్, కు కలిసిపోతాయి. అది చెత్త కాదు, మన రాతలో భాగం. ఎవరి పేరైనా వాళ్లు రాసుకున్నట్టే ఉంచాలి. గీయడం చేతకాకపోతే గీసేదాన్ని బాగుచేసుకోవాలి గానీ, మనిషి పేరు మారిస్తే ఎట్లా?"

"మరి ఎవడన్నా గా ఐదింటి వరుసనే పేరని కొడితె?"

"కొట్టనీ. మనది ఆండ్రాయిడ్, గీస్తుంది. ఐఫోన్ యాప్ చేసే రోజు వస్తే అప్పుడు మొదటి టెస్ట్ అదే పెడతాను."

డెవలపర్ తన కుర్చీలోకి పోయి ఆ లైను కొట్టేశాడు. మళ్లీ బిల్డ్ అయ్యేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఈసారి పేరు పేరులాగే వచ్చింది.

నా దృష్టిలో ఆ వారం పుట్టగలిగిన అతి చెడ్డ పరిష్కారం ఆ ఒక్క లైనే. ఎక్కడో ఒక ప్రోగ్రాం మన లిపిని గీయలేక పడిపోతే, భయంతో మన లిపిలోంచే ఒక గుర్తును పీకేయడం. చూడటానికి భద్రత అనిపిస్తుంది. పీకిన చోట ఎవరి పేరు చెడిందో పీకినవాడికి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అతను ఆ పేరు చదవలేడు, లేదా చదివే తీరిక అతనికి లేదు. ఈ డెవలపర్‌కు చదవడం వచ్చు కాబట్టి ఒక్కసారి చూడగానే ఒప్పుకున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు డెవలపర్ టైము చూసుకుంటూ.

"ఇంకొకటుందన్నా. ఉర్దూ."

"అది మన లిస్టులనే లేదు గద?"

"మొన్న నవంబరులో అసెంబ్లీలో రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు. ఇవాళ కాకపోతే ఆర్నెల్లకు మనల్ని అడుగుతారు. కనీసం మన డిజైన్ తట్టుకుంటుందో లేదో చూద్దాం."

ఫోన్ భాషను ఉర్దూకు మార్చాడు. అనువాదాలు లేవు గనుక మాటలు ఇంగ్లీషులోనే ఉన్నాయి, తెర మాత్రం అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిరిగింది. మెనూ కుడివైపుకు వచ్చింది. వెనక్కి వెళ్లే బాణం చోటు మారింది గానీ మొహం మార్చుకోలేదు, ఇంకా ఎడమకే చూస్తోంది. మొత్తం రాసే గడిలో రూపాయి గుర్తు అంకెల మీదికి ఎక్కి కూర్చుంది. పేరు గడిలో ఉర్దూ కీబోర్డుతో ఏవో నాలుగు అక్షరాలు నొక్కాడు. అవి ఒకదానికొకటి కలుసుకుంటూ కుడి నుంచి వచ్చాయి. సరిగ్గా కలిశాయో లేదో ఇద్దరికీ తెలియలేదు.

"మన ఫ్లోర్‌లో ఉర్దూ చదివేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"అకౌంట్స్‌ల ఒకాయన ఉన్నడు. ఇంటికి పోతుండొచ్చు ఇప్పుడు."

"లిఫ్ట్ దగ్గరే పట్టుకో అన్నా. పది నిమిషాలు కూర్చోమందాం."